పొత్తిగుడ్డకు అంచు ఉండకూడదు

క్రీస్తుశకం 2వ శతాబ్దంలో రోములో వైద్యం చేసిన సొరానస్ స్త్రీల వైద్యం మీద గ్రీకులో ఒక పుస్తకం రాశాడు. ఆయనది ఎఫెసస్. మంత్రసానికి ఏ గుణాలుండాలి, బొడ్డు ఎలా కొయ్యాలి, పాలిచ్చే దాదిని ఏం చూసి పెట్టుకోవాలి, అన్నీ రాశాడు. పుట్టిన బిడ్డను చుట్టే గుడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ వైద్యుడు బట్టలకొట్లో బేరమాడే ఇల్లాలైపోతాడు. గుడ్డ ఉన్నిది కావాలంటాడు, నారబట్ట చెమటకు ముడుచుకుపోతుంది గనక. మెత్తగా ఉండాలి, లేకపోతే పసి ఒళ్ళు కమిలిపోతుంది. శుభ్రంగా ఉండాలి గానీ ఉతికిన క్షారం అందులో మిగిలి ఉండకూడదు. కొత్తది బరువు, మరీ పాతది చలి ఆపదు, పైగా చిరుగుతుంది. కొన్ని పట్టీలు మూడు వేళ్ళ వెడల్పు, కొన్ని నాలుగు వేళ్ళ వెడల్పు. అంచూ కుట్టూ అసలే ఉండకూడదు, ఉన్నచోట ఒంటిని నొక్కేస్తాయి.

ఈ చివరి మాట చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మాది బందరు. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. మా ఇంట్లో ఎవరికి నెల తప్పినా నాయనమ్మ మొదట చేసే పని తాతయ్య పాత పంచెలు బయటికి తియ్యడం. జరీ అంచు ఊడదీసి పక్కన పెట్టేది. కత్తెర వాడేది కాదు, పంటితో కొరికి గాటు పెట్టి పర్రున చింపేది. చింపిన చోట వేలాడే పోగులన్నీ ఒక్కొక్కటే లాగి పారేసేది. పోగు వేలికి చుట్టుకుంటే తెల్లారేసరికి వేలు నల్లబడుతుందని ఆమె చెప్పేది, ఇప్పటి పిల్లల డాక్టర్లూ అదే చెబుతారు. చాకలి ఉడకేసి తెచ్చిన గుడ్డల్ని మళ్ళీ రెండు నీళ్ళలో జాడించి ఎండలో వేసేది, సోడా చేదు పోవాలని. పొద్దుగూకాక పసిపిల్లల గుడ్డ దండెం మీద ఉంటే ఊరుకునేది కాదు. సొరానస్ పేరు ఆమె ఎన్నడూ వినలేదు. పసి ఒంటిని రోజూ తడిమి చూసే చేతులకు ఈ సంగతి ఎక్కడైనా తెలుస్తుంది.

అందుకే గుడ్డ విషయంలో చరిత్రలో పెద్ద తగాదా ఏమీ కనబడదు. మెత్తన, శుభ్రం, గాలి ఆడాలి, ఒరుసుకోకూడదు. ఇందులో ఎవరూ ఎవరితోనూ వాదించలేదు. వాదమంతా ఎంత బిగించాలి, ఎన్నాళ్ళు కట్టి ఉంచాలి అన్నదాని మీదే. ఆ వాదాన్ని వైద్యశాస్త్రం తేల్చిందని మనం అనుకుంటాం గానీ, చాలావరకు దాన్ని తేల్చింది ఇంట్లో బిడ్డనెత్తుకోవడానికి ఎన్ని చేతులు ఖాళీగా ఉన్నాయన్న లెక్క.

సొరానస్ బిగించే పక్షమే. చేతులు వేళ్ళ దాకా విడివిడిగా చుట్టి, ఛాతీ చుట్టి, కాళ్ళు చుట్టి, మళ్ళీ అన్నిటినీ కలిపి మెడ నుంచి పాదాల దాకా మరో పట్టీ చుట్టమంటాడు. అయినా ఆయనకూ ఒక హద్దుంది. త్రేసులోనూ మాసిడోనియాలోనూ బిడ్డను చెక్కకు పరిచి కట్టేవాళ్ళంటే ఆయనకు గిట్టదు. కొందరు 40వ రోజుకు, ఎక్కువమంది 60వ రోజుకు కట్టు విప్పుతారని చెప్పి, ఒంటికి గట్టితనం వచ్చిందో లేదో చూసి విప్పాలి గానీ రోజులు లెక్కపెట్టి కాదంటాడు. ముందు కుడిచెయ్యి వదలాలట, ఎడమది ముందు వదిలితే బిడ్డ ఎడమచేతివాటం అవుతాడట! ఆయనకు నాలుగైదు వందల ఏళ్ళ ముందే ప్లేటో తన 'లాస్'లో రెండేళ్ళ దాకా చుట్టి ఉంచాలని రాశాడు. స్పార్టాలో మాత్రం దాదులు పిల్లల్ని కట్టకుండానే పెంచేవారని ప్లూటార్కు చెబుతాడు. ఏథెన్సు వాళ్ళు స్పార్టా దాదుల్ని ఏరికోరి తెచ్చుకునేవారు. అక్కడి నాయకుడు అల్సిబియాడిస్‌కు పాలిచ్చినామె స్పార్టాదే. అంటే ఊళ్ళో అందరూ చుట్టే కాలంలోనూ చుట్టని పెంపకానికి గిరాకీ ఉండేదన్నమాట.

ఫ్లోరెన్సులో ఈ చుట్టిన బిడ్డ ఒక ఆసుపత్రికి గుర్తయిపోయాడు. అక్కడి అనాథ శిశువుల ఆసుపత్రి, ఓస్పెదాలె దెల్యీ ఇన్నొచెంతి, 1445లో తలుపులు తెరిచింది. భవనాన్ని రూపొందించింది బ్రూనెల్లెస్కీ. దాని వరండా కమానుల మధ్య 1487 ప్రాంతంలో ఆంద్రేయా దెల్లా రొబ్బియా మెరుగు పెట్టిన మట్టి ఫలకాలు అమర్చాడు. నీలం నేల మీద తెల్లటి బిడ్డ, ఒక్కో వలయంలో ఒక్కొక్కరు. దూరం నుంచి చూస్తే అందరూ ఒకటే. దగ్గరికి వెళ్ళి చూస్తే ఎవరి కట్టు వాళ్ళదే. పట్టీలు ఒంటి చుట్టూ వరసగా తిరిగి ఉంటాయి, చేతులు మాత్రం విడిచి చాచి ఉంటాయి, కొందరికి కట్టు వదులై జారుతూ ఉంటుంది. ఆ చేతులు ఎత్తుకోమని అడుగుతున్నాయి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ ముద్రలో ఉన్నది ఈ బిడ్డల్లో ఒకడే. కట్టు ఎంతకాలం ఉంచాలో ఇప్పుడు లోకానికి చెబుతున్న సంస్థ తన గుర్తుగా కట్టుగట్టిన బిడ్డనే పెట్టుకోవడం నాకు ముచ్చటగా ఉంటుంది.

17వ శతాబ్దానికి కట్టు బాగా బిగిసింది. 1668లో మోరిసో అనే ఫ్రెంచి వైద్యుడు, ఒళ్ళు తిన్నగా రావాలంటే బిడ్డను చుట్టక తప్పదని, లేకపోతే జంతువుల్లా నాలుగు కాళ్ళ మీద నడుస్తాడని రాశాడు. ఇది చదివి నవ్వుకున్నాను గానీ, ఆ నవ్వు న్యూజెర్సీ దాకా నిలవలేదు. ఆ సంగతి తర్వాత. ఆ తర్వాతి శతాబ్దంలో పారిస్‌లో పిల్లలు తల్లి దగ్గర పెరగడమే అరుదు. 1780లో ఆ నగరం పోలీసు అధికారి లెన్వార్ వేసిన లెక్క ప్రకారం, ఏటా పుట్టే 21,000 మందిలో తల్లి పాలు తాగేది 1,000 మంది, ఇంట్లో దాదిని పెట్టుకునేది మరో 1,000 మంది, తక్కిన 19,000 మందీ పల్లెటూళ్ళకు పోయేవారు. అక్కడ పాలిచ్చే మనిషికి తన పిల్లలుంటారు, పొలం పని ఉంటుంది, ఆవు ఉంటుంది. మూట కట్టిన బిడ్డ పాకడు, పొయ్యిలో పడడు, కాసేపు పక్కన పెట్టినా ఉంటాడు. 1762లో రూసో 'ఎమీల్'లో దీని మీదే విరుచుకుపడ్డాడు. దాదులు బిడ్డను పాత గుడ్డల మూటలా మేకుకు తగిలించి తమ పని చూసుకుంటారని రాశాడు. ఆ మాట యూరపంతా పాకింది. తన బిడ్డల్ని అయిదుగురినీ అనాథాశ్రమానికి పంపిన పెద్దమనిషి తల్లులకు బుద్ధి చెప్పడం ఏమిటని నాకు కోపం వస్తుంది గానీ, మేకు సంగతి కాదనలేం. ఆ దాదిని తప్పుపట్టడమూ నాకు చేతకాదు. ఆమెకు ఉన్నవి రెండే చేతులు.

రూసో కంటే 14 ఏళ్ళ ముందే ఈ మాట విలియం కేడొగన్ అనే ఇంగ్లీషు వైద్యుడు అన్నాడు. థామస్ కోరమ్ పూనికతో 1739లో అనుమతి పొంది, 1741లో లండన్‌లో పని మొదలుపెట్టిన ఫౌండ్లింగ్ హాస్పిటల్ పాలకుల్లో ఒకరికి ఆయన రాసిన ఉత్తరం 1748లో పుస్తకంగా వచ్చింది. బిగుతు కట్లు తీసెయ్యండి, చేతుల్లేని చిన్న ఫ్లానెల్ చొక్కా వెనక వదులుగా ముడివేసి, దానికే ఒక పావడా కుట్టి, పైన పల్చటి గౌను వెయ్యండి, చాలు అన్నాడు. గొప్పింటి వారసుడు బట్టల కింద నలిగి చస్తుంటే, రెండు పేలికలు తప్ప ఏమీ లేని పేదరాలి బిడ్డ తల్లి పాలు తాగి దుక్కలా ఉంటుందని ఎత్తిచూపాడు. ఇంత మంచి మాటలు చెప్పి, పిల్లల పెంపకాన్ని ఇన్నాళ్ళు ఆడవాళ్ళకు వదిలెయ్యడమే తప్పు, తెలివిగల మగవాళ్ళు పట్టించుకోవాలి అని కూడా అన్నాడు. ఈ రెండో మాట ఆయన అనుకున్న అర్థంలో కాకపోయినా, ఇంకోలా నిజమైంది.

ఆ ఆసుపత్రి దస్తరాలు చరిత్ర చదివిన ఎవరినైనా కదిలించేవే. బిడ్డను తీసుకున్నప్పుడు గుమాస్తా ఒక అచ్చు కాగితం నింపేవాడు. టోపీ, గౌను, చొక్కా, కిందిగుడ్డ, ఇలా ఒంటి మీద ఉన్న బట్టల పేర్లన్నీ అందులో ముందే అచ్చయి ఉండేవి. ఒంటికి చుట్టే పట్టీకి కూడా అందులో ఒక గడి ఉంది. రేపెప్పుడైనా తల్లి వెనక్కి వస్తే గుర్తుపట్టడానికి బిడ్డ బట్టలోంచి చిన్న ముక్క కత్తిరించి ఆ కాగితానికి గుండుసూదితో గుచ్చేవారు. 1741 నుంచి 1760 దాకా చేర్చుకున్న పిల్లలు 16,282 మంది. తల్లో తండ్రో వచ్చి తిరిగి తీసుకెళ్ళింది 152 మందిని. ఆ గుడ్డముక్కలు 5,000 పైచిలుకు ఇప్పటికీ లండన్ దస్తరాల్లో ఉన్నాయి. 18వ శతాబ్దపు సామాన్యుల బట్టలు ఇంత పెద్ద మొత్తంలో బ్రిటన్‌లో ఇంకెక్కడా మిగల్లేదు. 2010లో జాన్ స్టైల్స్ అనే చరిత్రకారుడు వాటితో ప్రదర్శన పెట్టేదాకా బయటివాళ్ళకు పెద్దగా తెలియదు.

ఆ ముక్కల బొమ్మలు చూస్తూ నేను చాలాసేపు ఆగిపోయాను. పువ్వులు, తీగలు, మొగ్గలు, ఎర్ర చుక్కలు. మా పక్కనున్న పెడన అద్దకాలకు దూరపు చుట్టాలు! ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరులో కొఠీ పెట్టారు. వాళ్ళకు ముందే వలందులు, అంటే డచ్చివాళ్ళు, వచ్చారు. తర్వాత పరాసులు, అంటే ఫ్రెంచివాళ్ళు. మా ఊళ్ళో ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట ఇంకా ఉన్నాయి. అందరూ ఎక్కువగా వచ్చింది ఈ తీరపు నూలు బట్ట కోసమే. ఆ అద్దకాలు లండన్‌లో ఎంత పిచ్చి పుట్టించాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొడవ చేసి 1721లో అద్దకపు నూలుబట్ట కట్టకూడదని చట్టమే తెప్పించారు. అది 1774 దాకా ఉంది. ఫౌండ్లింగ్ పిల్లలు సరిగ్గా ఆ నడిమికాలంలో పుట్టినవాళ్ళు. అందుకే వాళ్ళ పూల గుడ్డల్లో చాలా వాటికి పడుగు నార, పేక నూలు. మన అద్దకాన్ని చూసి ఇంగ్లండులో వేసుకున్న అచ్చులు. ఒక తల్లి తన గౌను చింపి బిడ్డకు చుట్టి పంపింది. ఆ గౌను మీది తీగ ఎక్కడిదో ఆమెకు తెలియదు, మా ఊరి అద్దకంవాడికి ఆమె తెలియదు.

ఇంతకీ మా ఇళ్ళలో బిడ్డను ఎంత బిగించేవారు? చెప్పుకోదగ్గంత కాదు. రోహిణికార్తెలో బందరు ఉక్కకు పెద్దవాళ్ళకే ఒంటి మీద గుడ్డ నిలవదు. నాయనమ్మ కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె పట్టించి నలుగు పెట్టి వేన్నీళ్ళు పోసేది. సాంబ్రాణి పొగ చూపించేది. ఆ తర్వాత ఒక్కసారి మాత్రం గట్టిగా, చేతులు లోపలికి పెట్టి, పంచెముక్కలో చుట్టేది. ఆ చుట్టులో రెండు మూడు గంటలు ఒళ్ళెరక్కుండా పడుకునేవాడు బిడ్డ. లేచాక విప్పేసేది, మళ్ళీ మర్నాడు స్నానం దాకా కట్టు లేదు. తక్కిన వేళల్లో ఏదో ఒక ఒడి. అత్త, పిన్ని, పక్కింటి బామ్మ, బళ్ళోంచి వచ్చిన నేను. ఎవరి చంకలో ఉన్నా కాళ్ళు అటొకటి ఇటొకటి. ఇక చీర ఉయ్యాల సరేసరి. రెండు పక్కల నుంచీ గుడ్డ ఒత్తిపట్టి ఉంచుతుంది గనక వేరే కట్టు అక్కర్లేదు. (ఈ ఉయ్యాల నిద్రకు ఇప్పటి డాక్టర్లు ఒప్పుకోరు, చదునైన పక్క మీదే వెల్లకిలా పడుకోబెట్టమంటారు.)

చంకనెత్తుకోవడంలోని గుట్టు తెలిసింది జపాను వాళ్ళ వల్ల. కాళ్ళు రెండూ తిన్నగా లాగి దగ్గరగా కట్టేస్తే తుంటి కీలు గిన్నెలోంచి జారే ప్రమాదం ఉంది. కట్టు, చెక్క ఊయల వాడే జాతుల్లో, అమెరికాలోని నవాహోల్లో, తుంటి తొలగిన పిల్లలు ఎక్కువగా కనిపించేవారు. జపానులో 1975 ప్రాంతంలో పిల్లల కాళ్ళు చాపి కట్టొద్దని దేశమంతా ప్రచారం చేశారు. అంతకుముందు వందకు 1 నుంచి 3 దాకా ఉన్న తుంటి జబ్బు 0.2కు పడిపోయింది. మందు లేదు, ఆపరేషన్ లేదు, కాళ్ళ దగ్గర గుడ్డ వదులు చేశారు, అంతే. మోరిసో ఏ వంకర రాకూడదని కాళ్ళు లాగి కట్టమన్నాడో ఆ లాగడమే అసలు అవిటితనం తెచ్చిపెట్టిందన్నమాట.

మరి నిద్ర? పసిబిడ్డ నిద్రలో ఉన్నట్టుండి చేతులు రెండూ చాచి ఉలిక్కిపడతాడు. 1918లో ఎర్నెస్ట్ మోరో అనే పిల్లల వైద్యుడు దాన్ని వివరంగా రాశాడు గనక ఆయన పేరే పెట్టారు. ఆ ఉలికిపాటుకే బిడ్డ చాలాసార్లు లేచిపోతాడు. 1965లో లిప్టన్, మరిద్దరు వైద్యులు కట్టిన పిల్లల్నీ కట్టని పిల్లల్నీ పోల్చి చూసి, కట్టినవాళ్ళు ఎక్కువసేపు నిద్రపోతారని, ఉలిక్కిపాటు తక్కువని, గుండె వేగం కూడా తగ్గుతుందని తేల్చారు. అయినా అమెరికాలో ఇళ్ళలో చుట్టడం పెద్దగా లేదు, ఎందుకంటే అక్కడ పిల్లల్ని బోర్లా పడుకోబెట్టేవారు, బోర్లా పడుకున్న బిడ్డ అంతగా ఉలిక్కిపడడు. ఆ పడకే నిద్రలో హఠాత్తుగా ప్రాణం తీస్తోందని తెలిశాక, 1994లో 'బ్యాక్ టు స్లీప్' ప్రచారం మొదలైంది. వెల్లకిలా పడుకోబెట్టారు. ఆ చావులు సగానికి పైగా తగ్గాయి. కానీ వెల్లకిలా పడుకున్న బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తాడు. అప్పుడు మళ్ళీ పొత్తిగుడ్డ గుర్తొచ్చింది వాళ్ళకు. 2002లో హార్వీ కార్ప్ అనే డాక్టరు పుస్తకం రాసి దాన్ని ఇంటింటికీ చేర్చాడు. మంగోలియాలో 1,279 మంది శిశువుల మీద చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. నెలల తరబడి చుట్టినవాళ్ళకూ, చుట్టనివాళ్ళకూ ఎదుగుదలలో తేడా ఏమీ కనబడలేదు.

అలా మా అమ్మాయి పురిటికి నేను న్యూజెర్సీ వెళ్ళేసరికి పొత్తిగుడ్డ పెద్ద వ్యాపారమైపోయి ఉంది. ఆసుపత్రిలో ఇచ్చేది తెల్ల ఫ్లానెల్ మీద గులాబీ, నీలం చారల గుడ్డ, మెడ్‌లైన్ కంపెనీది. అమెరికాలో చాలామంది బిడ్డల మొదటి ఫొటోలో ఉండేది అదే. ఇంటికొచ్చాక చూస్తే, జిప్పుది, వెల్క్రోది, చేతులు పైకి పెట్టుకునేది, లోపల పూసలు కుట్టి బరువు చేసింది! ఈ బరువుది వాడొద్దని పిల్లల వైద్యుల అకాడమీ 2022లో గట్టిగా చెప్పింది, ఛాతీ మీద బరువెందుకని. ఇక పల్చటి మస్లిన్ చతురస్రాలు, అడ్డమూ నిలువూ నాలుగడుగులు. 2013లో ఇంగ్లండు రాకుమారుడు జార్జి ఆసుపత్రి నుంచి ఇంటికి బయల్దేరింది అలాంటి పిట్టల బొమ్మల మస్లిన్‌లోనే. మా తీరాన్ని మసాలియా అని పిలిచి, అక్కడ మస్లిన్లు విరివిగా నేస్తారని ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడు 'పెరిప్లస్'లో రాసుకున్నాడు. దాన్నే ఇప్పుడు డాలర్లు పోసి కొంటున్నాం.

నేను పెట్టెలో పాత నూలుచీర ముక్కలు, అంచులు తీసి, తీసుకెళ్ళాను. వియ్యపురాలు అంతకు ముందు వారమే వచ్చి ఉంది. నేను కాళ్ళ దగ్గర వదులుగా చుడుతుంటే ఆవిడ ఊరుకోలేకపోయింది. "వదినగారూ, కాళ్ళు తిన్నగా లాగి కట్టకపోతే దొడ్డికాళ్ళు వస్తాయండీ, మా అత్తగారు మా అందరికీ అలాగే చెప్పారు" అంది. సాక్షాత్తూ మోరిసో! జపాను కథ చెప్పాను. వినింది. "జపాను వాళ్ళ కాళ్ళు నేను చూడలేదు గానీ మా వాడి కాళ్ళు చూడండి ఎంత తిన్నగా ఉన్నాయో" అని అల్లుణ్ణి చూపించింది.

చివరికి మేం పాటించింది ఇది. ఇంట్లో హీటరు ఉంటుంది గనక ఫ్లానెల్ వద్దు, పల్చటి నూలు ఒక పొర. ఛాతీ దగ్గర రెండు వేళ్ళు దూరాలి. తుంటి దగ్గర కాళ్ళు కప్పలా మడిచి విడదీసుకునేంత జాగా. మెడ వెనక చెయ్యిపెట్టి చెమట ఉందేమో చూడాలి. ఎప్పుడూ వెల్లకిలాయే. బోర్లా పడే సూచన కనిపించిందా, ఆ రోజుతో చుట్టడం బంద్, చేతులు వదిలేసే సంచీలోకి మార్చెయ్యాలి, ఎందుకంటే కట్టుతో బోర్లా పడ్డ బిడ్డ తనంతట తను తిరగలేడు.

రాత్రి చుట్టే పని ఎవరిదన్నది కాగితం మీద ఎవరూ రాయలేదు. మా అమ్మాయికి ఆపరేషన్ కుట్లు. నాకూ వియ్యపురాలికీ నడుం నొప్పులు. పక్కింటి బామ్మ లేదు, పిన్ని లేదు. అల్లుడు ఫోనులో వీడియో పెట్టుకుని, బొమ్మ మీద సాధన చేసి, రెండో వారానికల్లా మా ఇద్దరికంటే బాగా చుట్టడం నేర్చుకున్నాడు. గుడ్డ మూలను మడిచి, ఎడమ కొస కుడిచంక కిందికి, అడుగు కొస వదులుగా పైకి, కుడి కొస వీపు వెనక్కి. కేడొగన్ కోరుకున్న తెలివిగల మగవాడు అర్ధరాత్రి రెండింటికి లుంగీలో నిలబడి ఆ పని చేస్తుంటే, గుమ్మంలోంచి చూసిన వియ్యపురాలు "మా వాడి చేత ఈ పనులేమిటండీ" అని నాతో గొణిగింది. పిల్లాడు అప్పటికే పడుకున్నాడని ఆవిణ్ణి లోపలికి పంపేశాను.